గిటార్‌కి కుదరని చోట్లు

జనవరి 6

ఒరేయ్ తమ్ముడూ,

కవరు చింపి పారేయకు, లోపల ఇంకో కవరుంది. అందులో పద్నాలుగు పేజీలు, నా మొదటి భాగం. చేతులు కడుక్కుని మరీ తియ్యి. కాగితం కనపడితే దానిమీద టీ కప్పు పెట్టే రోగం నీకు చిన్నప్పటి నుంచీ ఉంది.

ఫోన్ వద్దని నేనే అన్నాను, ఆ మాట మీదే ఉన్నా. మనం ఫోన్లో మాట్లాడుకుంటే పదో నిమిషానికి నువ్వు అరుస్తావు, పదకొండో నిమిషానికి నేను పెట్టేస్తాను. పోయినసారి అలా పెట్టేసి ఎనిమిది నెలలు మొహాలు తిప్పుకున్నాం. ఈ పని అయ్యేదాకా అలాంటివి మనకొద్దు. కొరియర్‌లో ఇవాళ వేస్తే రేపు చేరుతుంది. ఏదున్నా రాసి పంపు.

సంగతి నీకు తెలిసిందే, అయినా ఇంకోసారి రాసుకుంటాను, నాకే నమ్మకం కుదరాలి. ఏప్రిల్ పద్దెనిమిదిన జరిగే కొత్త సంగీతం కచేరీలో నాది ఒకటి తీసుకున్నారు. నేను రాసింది జనం విని పదకొండేళ్ళయింది. ఈ పదకొండేళ్ళూ డాన్సు స్కూల్లో పియానో ముందు కూర్చుని, ఆ పిల్లలు మడమలెత్తితే ఒక రాగం, దించితే ఒక రాగం వాయిస్తూ గడిపాను. యాభై ఆరు వచ్చాయి. ఇది కూడా పోతే ఇంక నన్నెవరూ పిలవరు, నేనూ రాయను. బెదిరిస్తున్నాననుకోకు. నిజంగానే అంటున్నా.

గిటార్ అనగానే కమిటీలో ఒకాయన నవ్వాడు. "పద్నాలుగు మంది వాయిస్తుంటే మధ్యలో గిటారా అమ్మా? దోమ పాడినట్టుంటుంది" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. ఆయన అన్నదాంట్లో కొంత నిజం ఉంది కాబట్టి ఇంకా మండింది. పియానోకి, వయొలిన్‌కి రాయని కంపోజర్ లేడు. గిటార్‌కి మాత్రం ఎన్నో ఏళ్ళు గిటార్ వాళ్ళే రాసుకున్నారు, వాళ్ళే వాయించుకున్నారు, వాళ్ళే విన్నారు. దాన్ని పట్టుకోవడం రాని మాలాంటి బయటివాళ్ళు రాయడం మొదలుపెట్టి వందేళ్ళు దాటిందో లేదో. మాకు భయం రా. ఏ స్వరం ఏ తీగ మీద దొరుకుతుందో, ఏ రెండూ ఒకేసారి పట్టుకోవచ్చో వాయించేవాడికి తప్ప తెలియదు. నేనైతే అట్టముక్క మీద ఆరు గీతలు గీసుకుని వేళ్ళు పెట్టి చూసుకుంటున్నాను. మీ బావ చూసి "ఇదేం ఆట? నేనూ కూర్చోనా?" అన్నాడు.

అందుకే నువ్వు. కుదరని చోట పెన్సిల్‌తో సున్నా చుట్టు, ఎలా మార్చాలో పక్కన రాయి. నువ్వు కాదంటే కాదు, అవునంటే అవును. గిటార్ విషయంలో నాకు వేరే దిక్కు లేదు. నువ్వు వాయిస్తావనే రాస్తున్నాను.

అక్క

జనవరి 19

అక్కగారి సన్నిధికి (దణ్ణం పెట్టలేదు, చేతిలో పెన్సిలుంది),

టీ మరక ఒక్కటే పడింది, తొమ్మిదో పేజీ మూల. అది కప్పు చేసిన పని, నాకు సంబంధం లేదు.

బాగా రాశావు. ఎక్కువ పొగిడితే నీకు కళ్ళు నెత్తికెక్కుతాయి కాబట్టి ఒక్కటే చెబుతాను. నాలుగో పేజీలో క్లారినెట్ మెల్లగా తప్పుకుని గిటార్ ఒంటరిగా మిగిలే చోటుంది చూడు, అక్కడ నేను లేచి వెళ్ళి కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను.

చిక్కేమిటంటే, ఆ నాలుగో పేజీయే కుదరదు. ఒకే స్వరాన్ని మూడు వేళ్ళతో గబగబా మీటుతూ, కింద బొటనవేలితో ఇంకో పాట నడపమన్నావు. దాన్ని మేం ట్రెమొలో అంటాం. పద్ధతి మంచిదే గానీ నువ్వడిగిన వేగంలో ఎవరి వల్లా కాదు. ఆ స్వరాలు సగానికి తగ్గించు. ఆరో పేజీలో నాలుగు తీగలు ఒకేసారి మీటమన్నావు, మూడు చెయ్యి. ఇలాంటివి మొత్తం ఏడు చోట్లు. అన్నీ చుట్టాను, ఏ వేలితో ఏది మీటాలో కూడా గుర్తులు పెట్టాను.

గిటార్‌కి మైకు పెట్టించు. మీ దోమాయన చెప్పింది తీసిపారేసే మాట కాదు.

ఇంకో వార్త. జిరాఫీ మీ ఊరికి మకాం మార్చిందట. నాతో గిటార్ నేర్చుకున్న ఆ పొడుగు మనిషి, ఆఖరి పరీక్షలో నన్ను వెనక్కి నెట్టి మొదటి బహుమతి కొట్టేసిన మహాతల్లి. ఇప్పటికీ కచేరీలు దండిగా చేస్తోంది. ఎక్కడైనా తగిలితే నేను బ్రహ్మాండంగా ఉన్నానని చెప్పు. బట్టతల సంగతి ఎత్తకు.

తమ్ముడు

ఫిబ్రవరి 2

మహానుభావా,

ఏడు చోట్లూ మార్చాను. ఆ నాలుగో పేజీ ఒక్కదానికే మూడు రోజులు పట్టింది, తల ప్రాణం తోకకొచ్చింది. మైకు మాత్రం పెట్టించను. గిటార్ మెల్లగా మాట్లాడితే పక్కవాళ్ళు నోరు మూసుకుని వినాలి గానీ, దాని చేత అరిపించడం ఏమిటి?

ఒకమాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. పదిహేడేళ్ళప్పుడు నువ్వు వంటింటి గడప మీద కూర్చుని ఆ ట్రెమొలో గంటల తరబడి వాయించేవాడివి. "ఆ ఈగని బయటికి తోలండర్రా" అని అమ్మ గోల పెట్టేది. నాకు గుర్తున్నంతలో అది నేను రాసినదానికంటే వేగంగానే ఉండేది. నా చెవులే ముసలివైపోయాయంటావా? ఊరికే అడిగాను.

రెండో భాగం పంపుతున్నా, పదహారు పేజీలు. దీనిమీదే నా ప్రాణమంతా. స్నానం చేస్తూ, కూరగాయల సంచీ మోస్తూ, డాన్సు పిల్లలకి తప్పు తాళం వేసి తిట్లు తింటూ రాశాను.

మార్చి పదిహేనున మొదటి రిహార్సల్. కండక్టర్ నిన్ను చూడాలంటున్నాడు. (మీ బావకి కండక్టర్ అంటే టికెట్లిచ్చేవాడే. అందుకని మా ఇంట్లో ఆయన్ని "చేతులూపే ఆయన" అంటున్నాం.) ఈలోపు మొదటి భాగం వాయించి రికార్డు చేసి పంపు. ఫోన్లో మాట్లాడొద్దన్నాను గానీ వాయించొద్దనలేదు. ఎలా ఉన్నా సరే, ఒక్కసారి చెవిన పడితే నాకు ధైర్యంగా ఉంటుంది.

అక్క

ఫిబ్రవరి 14

అక్కా,

అప్పుడు పదిహేడు, ఇప్పుడు నలభై తొమ్మిది. వంటింటి గడప వేరు, కచేరీ వేరు.

రెండో భాగంలో పంతొమ్మిది చోట్లు చుట్టాను. అదిరిపడతావని తెలుసు. అయినా చెబుతున్నా, మీ కంపోజర్లందరిదీ ఒకటే జబ్బు. పియానో ముందు కూర్చుని రాస్తారు. గిటార్ అంటే ఒళ్ళో పెట్టుకునే చిన్న పియానో అని మీ ఉద్దేశం. పది వేళ్ళకి తోచిందంతా తెచ్చి, చిటికెన వేలు పోగా మిగిలే మా నాలుగు వేళ్ళ మీద పడేస్తారు. కాగితం మీద ముచ్చటగానే ఉంటుంది, వాయించేవాడే చస్తాడు. కొత్త సంగీతం అంటూ గిటార్‌ని వేదికెక్కించేది మీరు, అది పలకకపోతే తిట్లు తినేది మేము. నువ్వు ఒక్కరోజైనా గిటార్ పట్టుకుని కూర్చున్నావా? ఆ అట్టముక్క కబుర్లు నాకు చెప్పకు.

రికార్డు పంపలేదు. పై వాటాలో ఎవరో గోడలు తొలిపిస్తున్నారు, పొద్దస్తమానం డ్రిల్లు మోత.

తమ్ముడు

మార్చి 1

తమ్ముడూ,

నాలుగుసార్లు రాసి చింపేశాను. ఇది ఐదోది.

నీ పంతొమ్మిదీ మార్చాను. మారుస్తుంటే నా చేత్తో నేనే బట్ట చింపుకుంటున్నట్టనిపించింది, అయినా మార్చాను. నిన్న చేతులూపే ఆయన నా స్కోరు పేజీలు తీసుకుని ముందుకీ వెనక్కీ తిప్పి తిప్పి, "ఇందులో గిటార్ ఎక్కడమ్మా?" అన్నాడు. మార్చి ఇరవై ఐదు దాకా చూస్తారట. అప్పటికీ వాళ్ళకి నచ్చకపోతే నాది తీసేసి ఇంకొకరిది పెడతారట. ఇంటికి ఎలా వచ్చానో నాకు తెలియదు. వీధి తలుపు తీసే ఉంచి మెట్ల మీద కూర్చుండిపోయానని మీ బావ చెప్పాడు.

నిన్ను ఒకటే అడుగుతున్నా. నీకు నచ్చలేదా? మా అక్కకి రాయడం రాదు, మొహమ్మీద చెప్పలేక ఇలా గీతలు పెడుతున్నాను, అంతేనా? అదే అయితే ఒక్క లైను రాయి చాలు. నేను చచ్చిపోనులే, పదకొండేళ్ళు అలవాటైన పనే. ఈ తెలియకపోవడమే నన్ను చంపేస్తోంది. రికార్డు అడిగితే డ్రిల్లంటావు. రమ్మంటే పలకవు. నీ ఉత్తరాల్లో మా తమ్ముడు కనపడటం లేదు రా.

పదిహేనున మాత్రం రా. కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను.

అక్క

మార్చి 8

అక్కా,

నచ్చలేదని ఎవరన్నారు? నచ్చింది. అదే వచ్చిన గొడవ.

కుడిచేతి గోరు విరిగింది. మాకు గోరు లేకపోతే గొంతు లేనట్టే, తీగ పలకదు. పెరగడానికి మూడు వారాలు పడుతుంది. పదిహేనుకి రాలేను. చేతులూపే ఆయనకి నువ్వే ఏదో ఒకటి చెప్పు.

తమ్ముడు

మార్చి 15

అక్కా,

గోరు విరగలేదు.

పొద్దున గిటార్ భుజాన వేసుకుని బస్టాండు దాకా వచ్చాను. మీ ఊరి బస్సు వచ్చింది, జనం ఎక్కారు, వెళ్ళిపోయింది. నేను బల్ల మీద అలాగే కూర్చున్నాను. రెండోదీ వెళ్ళిపోయింది. ఇప్పుడు ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. ఈపాటికి అక్కడ అందరూ ఖాళీ కుర్చీ చూస్తూ ఉంటారు.

నా కుడిచేతి ఉంగరం వేలు పనిచేయడం లేదు. ఏడాది దాటింది. నొప్పి లేదు, వాపు లేదు. గిటార్ పట్టుకుని మీటబోతే చాలు, దానంతట అది అరచేతిలోకి ముడుచుకుపోతుంది. చొక్కా బొత్తాలు పెట్టుకుంటుంది. తాళం తీస్తుంది. పెన్సిల్ పట్టుకుని నీకు ఇరవై ఆరు అబద్ధాలు రాయడానికి ఏ ఇబ్బందీ పడలేదు. నరాల డాక్టరు చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, చేతిలో ఏ లోపమూ లేదన్నాడు. ఒకే పని లక్షలసార్లు చేసి చేసి, మెదడులో ఆ వేలు పక్కవేళ్ళతో కలిసిపోయిందట, దాన్ని విడిగా కదిలించలేదట. కొందరికి దారిలో పడుతుందట, చాలామందికి పడదట. ఏడాదిగా వేడినీళ్ళూ, సూదులూ, వ్యాయామాలూ అన్నీ అయ్యాయి. మీ మరదలికి తప్ప ఎవరికీ తెలియదు. నా దగ్గర నేర్చుకునేవాళ్ళకి నోటితో చెప్పి నెట్టుకొస్తున్నాను.

నీ జనవరి ఉత్తరం వచ్చినప్పుడే చెప్పాల్సింది. "నువ్వు వాయిస్తావనే రాస్తున్నాను" అన్నావు. ఆ లైను చదివి ఎన్నాళ్ళకో కడుపు నిండా నవ్వాను, ఎన్నాళ్ళకో ఏడ్చాను కూడా. అక్కడక్కడా కొంచెం తగ్గిస్తే మూడు వేళ్ళతో నీది వాయించేసి, తర్వాత ఎవరికీ చెప్పకుండా మానేద్దాం అనుకున్నాను. ఏడుతో అయిపోతుందనుకున్నాను. రెండో భాగం వచ్చేసరికి పంతొమ్మిదయ్యాయి. నీకు గిటార్ తెలియదు కాబట్టి నేనేం చెప్పినా నమ్ముతావని తెలుసు. నీ పాట పాడవుతోందని తెలిసే చేశాను. ఆ తిట్లన్నీ నిన్ను నోరెత్తనివ్వకుండా చేయడానికి తిట్టాను. అట్టముక్క మాట వెనక్కి తీసుకుంటున్నా అక్కా, ఆ మాటకి నా చెంప పగలగొట్టు.

నువ్వు మొదట రాసిందంతా వాయించొచ్చు. చేతిలో అన్ని వేళ్ళూ ఉన్నవాళ్ళెవరైనా వాయిస్తారు.

ఇప్పుడేం చెయ్యమంటావో రాయి. నువ్వు ఏం రాసినా సరే, రాయి మాత్రం.

తమ్ముడు

మార్చి 16

నిన్ను ఏమని పిలవాలో నాకు తెలియడం లేదు.

నిన్న రిహార్సల్‌లో నీ కుర్చీ ఖాళీగా పెట్టుకుని పద్నాలుగు మంది వాయించారు. అయ్యాక చేతులూపే ఆయన నావైపు చూడకుండా పేజీలు సర్దుకున్నాడు. తిన్నగా జిరాఫీ ఇంటికి వెళ్ళాను. తలుపు తీయగానే ఏడ్చేశాను, పరిచయం లేని మనిషి ముందు. నువ్వు చుట్టకముందు పేజీలు ఆవిడ ముందు పెట్టి "ఇవి నిజంగా వాయించలేరా?" అని అడిగాను. ఆవిడ గిటార్ తీసి, నాలుగో పేజీ మొదటిసారి చూస్తూనే వాయించేసింది. నాకిచ్చిన టీ ఇంకా చల్లారలేదు. తర్వాత ఆరో పేజీ, తర్వాత రెండో భాగం. ఇరవై ఆరు చోట్లకి ఇరవై ఆరూ. "ఎవరు చెప్పారు మీకు కుదరదని?" అంది. మా తమ్ముడని చెప్పడానికి నాకు సిగ్గేసింది.

ఎందుకు చేశావు? నేను నీకేం అన్యాయం చేశాను? చిన్నప్పుడు నీకు గిటార్ కొనిచ్చి, నన్ను పక్కింటివాళ్ళ పియానో మీద నేర్చుకోమన్నారు. అయినా నీమీద ఏనాడూ అసూయ పడలేదే! అక్క పైకొస్తే ఓర్చుకోలేకపోయావా? ఇంకో నెలలో నా బతుకులో ఆఖరి కచేరీ అని తెలిసి, గొంతు మీద కాలు పెట్టి తొక్కావు. బయటివాళ్ళెవరైనా చేసుంటే ఇంత కడుపు మండేది కాదు.

పాత పేజీలు జిరాఫీకి ఇచ్చేశాను. ఆవిడే వాయిస్తుంది. నువ్వు రావద్దు. రాయొద్దు.

మార్చి 20

అక్కా,

నీ పదహారో తారీకు ఉత్తరం అందింది.

పదిహేనున నేను అంతా విప్పి రాశాను. మర్నాటికల్లా నీకు చేరింది. ఆ రోజే నువ్వు ఇది రాశావు. చేతి గురించి ఒక్క ముక్క లేదు. ఓర్చుకోలేకపోయావా అన్నావు. అంత రాశాక కూడా నీకు అలాగే అనిపిస్తే ఇంక నేను చెప్పేదేం లేదు.

జిరాఫీ మంచి మనిషి, బాగా వాయిస్తుంది. గిటార్ పెట్టెలో పెట్టి బీరువా మీదకి ఎక్కించాను.

తమ్ముడు

మార్చి 24

నా తండ్రీ, నా బంగారు తండ్రీ,

నీ పదిహేనో తారీకు ఉత్తరం నేను ఇవాళ పొద్దున చదివాను. ఇవాళ! మీ బావ చేసిన నిర్వాకం ఇది. పదహారు పొద్దున కొరియర్ అబ్బాయి కవరు ఆయన చేతిలో పెట్టాడట. ఎక్కడో ఆరో అంతస్తులో లిఫ్టు ఆగిపోయి జనం ఇరుక్కున్నారని పరిగెడుతూ, కవరు పనిముట్ల సంచీలో కుక్కాడు. ఎనిమిది రోజులు స్పానర్ల కింద పడి ఉంది. నీ ఇరవయ్యో తారీకు ఉత్తరం చదివి "పదిహేనున ఏం రాశాడు, నాకేం రాలేదే" అని నేను ఇల్లంతా తిరగేస్తుంటే, అప్పుడు గుర్తొచ్చింది మహానుభావుడికి. గ్రీజు మరకల కవరు తెచ్చిచ్చి, నేను చదువుతుంటే నా మొహం చూసి, బయటికి వెళ్ళి లిఫ్టులు బాగుచేసే మనిషి మెట్ల మీద కూర్చున్నాడు పాపం.

నేను పదహారున రాసింది నీ సంగతి తెలియక రాసింది రా. ఒట్టు. నీ చేతి గురించి చదివి కూడా అలా రాస్తానని ఎలా అనుకున్నావు? అనుకోక ఏం చేస్తావులే, అలాగే రాశాను.

చదివాక నీ పెన్సిల్ పేజీలన్నీ నేలమీద పరిచాను. ప్రతి స్వరం పక్కనా ఏ వేలితో మీటాలో గుర్తులు పెట్టావు కదా. బొటనవేలు ఉంది, చూపుడు వేలు ఉంది, మధ్యవేలు ఉంది. ముప్పై పేజీల్లో ఉంగరం వేలు ఒక్కచోట లేదు. అంతా నా కళ్ళముందే పెట్టావు, నేనే గుడ్డిదాన్ని. జనవరి నుంచి నన్ను పిలుస్తూనే ఉన్నావేమో.

ఇప్పుడు నేను చెప్పింది విను. జిరాఫీని వద్దంటాను, ఏమనుకున్నా సరే. నువ్వు రా, మూడు వేళ్ళతో వాయించు. ఇంకా తగ్గించాలంటే తగ్గిస్తాను. కుదరదంటే కచేరీ మానేస్తాను. నాకు నువ్వు లేని కచేరీ వద్దు.

అక్క

మార్చి 29

అక్కా,

మానేస్తే నీ ఇంటికొచ్చి మీ లిఫ్టాయన స్పానరుతో నీ తల పగలగొడతాను. పదకొండేళ్ళు, అక్కా!

నేను వాయించలేను. నెల కిందటి నుంచి మధ్యవేలు కూడా మొదలుపెట్టింది. పక్కవేలిని చూసి నేర్చుకుంది. నువ్వు తగ్గించడానికి ఇంకేం మిగల్లేదు. బావని ఏమీ అనకు, ఆ కవరు అదే రోజు అందినా జరిగేది ఇదే.

జిరాఫీ చేత నీ పాత పేజీలు వాయించు. నేను చుట్టినవన్నీ చెరిపెయ్యి. నా చెయ్యి దానిమీద పడిందన్న గుర్తు కూడా ఉండొద్దు.

ఏమీ తోచడం లేదు. పొద్దున్నే లేస్తాను, ముప్పై ఏళ్ళుగా ఆ వేళకి గిటార్ పట్టుకున్నవాణ్ణి, ఆ రెండు గంటలు ఏం చేయాలో తెలియక వంటింట్లో సీసాలు సర్దుతున్నాను. మీ మరదలు చూసి మళ్ళీ చెదరగొట్టి పెడుతోంది, నాకు రేపటికి పని ఉండాలని. నేనెవర్ని అక్కా ఇప్పుడు? నిజంగా అడుగుతున్నా. తెలిస్తే రాయి.

తమ్ముడు

ఏప్రిల్ 5

నా తమ్ముడూ,

నువ్వు ఎవరివో నాకు తెలుసు, మా తమ్ముడివి. ఆ జవాబు నీకు చాలదనీ తెలుసు.

రిహార్సల్ సంగతి చెబుతాను, చివరిదాకా చదువు (జిరాఫీ వాయిస్తుందనగానే ఆ ఇరవై ఐదు గడువు ఇంకో వారం పొడిగించారు). ముందు పాత పేజీలే వాయించింది జిరాఫీ. ఒక్క స్వరం తప్పు పోలేదు. కానీ పద్నాలుగు మందీ అందుకోగానే అంతా కొట్టుకుపోయింది. చెయ్యి మాత్రం గబగబా కదులుతోంది, వినపడేది సగం. దోమాయన మాట గుర్తొచ్చింది. అప్పుడు పిచ్చి ధైర్యం చేసి నీ పెన్సిల్ పేజీలు ఆవిడ ముందు పెట్టాను. ఊరికే, ఒక్కసారి విందామని.

తమ్ముడూ, గదిలో గాలి మారిపోయింది. గిటార్ ఒక స్వరం మీటి ఆగుతుంది, ఆ ఖాళీలో ఊదేవాళ్ళు ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది. వయొలిన్ల వాళ్ళు తమంతట తామే తగ్గారు, ఎవరూ చెప్పలేదు. "గిటార్ ఎక్కడ" అన్న ఆ చేతులూపే ఆయనే చేతులు దించేసి వింటూ నిలబడ్డాడు. నీ పేజీలు మేం అంతవరకు వాయించి చూసిందే లేదు కదా, కాగితం మీద చూసి బెంబేలెత్తాం. అప్పుడు తెలిసింది నాకు. గిటార్ వినపడదేమోనన్న భయంతో నేను దాన్ని స్వరాలతో కుక్కేశాను. నువ్వు తీసేసినవన్నీ నేను భయంతో పెట్టినవే. నువ్వు వేలు దాచుకోవడానికి తీశావు, నిజమే. అయినా ఏది తీయాలో, ఏది ఉంచాలో ఎంచింది నీ చెవి. నాలుగో పేజీలో ఆ ఒంటరి చోటు తాకకుండా వదిలావు చూడు.

అందుకని నీ పేజీలే వాయిస్తోంది. ఉంగరం వేలు ఎందుకు లేదని జిరాఫీ అడిగింది. నీ సంగతి నువ్వు చెప్పుకోవాల్సింది, నేను చెప్పకూడదు. "గుర్తులు ఎలా ఉంటే అలా వాయించండి" అన్నాను. ఆవిడ నావైపు వింతగా చూసి తలూపింది.

కచేరీ తర్వాత స్కోరు అచ్చుకి వెళ్తుంది. ముందు పేజీలో కారణం రాయనా, వద్దా? నువ్వు చెప్పినట్టే చేస్తాను. పద్దెనిమిదిన రా. నీ పక్కన కూర్చుని వినాలని ఉంది. నువ్వు రాకపోతే అర్థం చేసుకుంటాను అని రాయాలి, కానీ చేసుకోలేను.

అక్క

ఏప్రిల్ 19

అక్కా,

వచ్చాను. ఈసారి బస్సెక్కాను. ఆఖరి వరసలో, స్తంభం పక్కన కూర్చున్నాను. నువ్వు నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూశావు, నాలుగుసార్లూ వంగిపోయాను.

జిరాఫీ వచ్చి కూర్చోగానే ఆవిడ కుడిచేతి మీద తెల్లగా ఏదో కనపడింది. కళ్ళజోడు తుడుచుకుని చూశాను. ఉంగరం వేలినీ చిటికెన వేలినీ కలిపి ప్లాస్టరు చుట్టుకుంది. నన్ను వెక్కిరిస్తోందనుకున్నాను. నువ్వు చెప్పేశావనుకుని నిన్ను కూడా తిట్టుకున్నాను, క్షమించు. మొదటి భాగమంతా నాకు పాట వినపడనే లేదు, ఆ ప్లాస్టరే కనపడింది. బాగున్న వేలు అక్కా! పరిగెత్తమంటే పరిగెత్తే వేలు. నేను ఏడాదిగా బతిమాలుతున్న వేలు. దాన్ని కట్టేసి కూర్చోబెట్టింది.

రెండో భాగంలో విన్నాను. నువ్వు రాసింది నిజమే. అంత పెద్ద హాల్లో ఎవరూ దగ్గలేదు.

చప్పట్లలో నీ చుట్టూ జనం చేరారు. నేను వెనకవైపు గదిలోకి వెళ్ళాను. జిరాఫీ గిటార్ తుడుస్తోంది. నన్ను గుర్తుపట్టి "ఇదిగో ఈ పెన్సిల్ మనిషి వచ్చాడు, నీ చేతిరాత చూడగానే పోల్చుకున్నాను" అంది. ప్లాస్టరేమిటని అడిగాను. "నీ గుర్తుల్లో ఆ వేలే లేదుగా. ఇది మూడు వేళ్ళకే రాసిన పాట, వేరే వేలు తగిలితే ఆ పలుకు రాదేమో అనుకున్నాను. అలవాటు కొద్దీ అడ్డొస్తోందని రోజూ కట్టేసుకుని సాధన చేశాను" అంది. ఇదంతా నిజాయితీగా చెబుతోంది, పాఠం ఒప్పజెప్పే పిల్లలా.

అప్పుడు చెప్పేశాను. నిలబడే చెప్పాను. ఆవిడ గిటార్ పెట్టె మీద కూలబడి, "అంటే రెండు వారాలుగా నేను నీ జబ్బుని సాధన చేశానా?" అంది. ఇద్దరం నవ్వాం. నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చింది. పాపం ఆవిడ ప్లాస్టరు గోకి తీస్తూ పక్కన కూర్చుంది. తీశాక ఆ వేలు తెల్లగా, నానిపోయినట్టుంది.

నిన్ను కలవకుండానే వచ్చేశాను. నన్ను చూస్తే నువ్వు ఏడుస్తావు, పదకొండేళ్ళకి నీకొచ్చిన రోజు అది. దూరం నుంచి చూశాను. దోమాయన నీ చెయ్యి పట్టుకుని ఊపుతున్నాడు. నువ్వు నవ్వుతున్నావు. చాలా బాగున్నావు అక్కా.

నువ్వడిగినదానికి జవాబు. రాయి. ఇలా రాయి: ఈ పాటకి మూడు వేళ్ళే వాడాలన్న నియమం ఏమీ లేదు, మా తమ్ముడికి ఒక వేలు పోయింది, అది దాచడానికి నాతో అబద్ధం చెప్పాడు, అలా ఈ పాట ఇలా తయారైంది, మీకు నాలుగుంటే నాలుగూ వాడుకోండి. లేకపోతే రేపు ఎవరెవరో పిల్లలు ఇదేదో గొప్ప పద్ధతి అనుకుని, మంచి వేలు కట్టేసుకుని సాధన చేస్తారు. నాకు భయంగా ఉంది. పెద్ద అక్షరాలతో రాయి.

అందరూ బాగుందన్నారు. బస్సులో కూడా వెనక సీటువాళ్ళు దాని గురించే మాట్లాడుకున్నారు. నాకు సంతోషించాలనే ఉంది, దారిపొడుగునా ప్రయత్నించాను, నావల్ల కాలేదు. నీ దగ్గర దాచి దాచి విసిగిపోయాను కాబట్టి ఇదొక్కటి దాచకుండా చెబుతున్నాను.

అది నేను వాయించాల్సింది అక్కా.

తమ్ముడు